దూర మొకటి, కాలములు రెండు

పోర్చుగలు రాజధాని లిస్బనులో ఉదయము 10 గంటలకు విమానమెక్కి, ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో దిగిన ప్రయాణికునకు అచ్చటి గడియారము సాయంకాలము 4-30 గంటలు చూపును. హెల్సింకిలో అదే 10 గంటలకు బయలుదేరి లిస్బను చేరినవానికి మధ్యాహ్నము 1 గంట మాత్రమే యగును. చూపునకు పోవుటకు ఆరున్నర గంటలును, వచ్చుటకు మూడు గంటలును పట్టినవి. కాని హెల్సింకి కాలము లిస్బను కాలమునకు 2 గంటలు ముందుండును గనుక, ఆ రెండింటిని ఒకవైపు తీసి, వేఱొకవైపు కలిపినచో, పోవుటకు సుమారు నాలుగున్నర గంటలు, వచ్చుటకు సుమారు 5 గంటలని తేలును. గడియారము దీర్ఘమని చూపిన ప్రయాణమే నిజమునకు హ్రస్వము.

ఈ విమానాశ్రయముల నడిమి దూరము ఇంచుమించు 3,360 కిలోమీటర్లు. పాఠశాలలోని గోళముపై ఈ రెండు పట్టణములను తాకునట్లు ఒక దారమును బిగించి పట్టినచో, అది బిస్కే అఖాతమును, ఫ్రాన్సును దాటి, సగము దారిలో బ్రస్సెల్సు చేరువను పోయి, బాల్టికు సముద్రము మీదుగా ఫిన్లాండు చేరును. ఇదియే కనిష్ఠమార్గము. మెర్కేటరు పటముపై గీసిన సరళరేఖను పట్టి పోయిన, దిక్కు మాఱకుండును గాని, దారి సుమారు 30 కిలోమీటర్లు పెరుగును.

దూరము రెండు వైపులను సమానమే యైనను కాలము భేదించుటకు కారణము వాయువు. ఉష్ణమండలపు వెచ్చని గాలికిని ధ్రువప్రాంతపు చల్లని గాలికిని గల తాపభేదము వలనను, భూభ్రమణము వలనను, సుమారు 10 కిలోమీటర్ల యెత్తున పడమటి నుండి తూర్పునకు ఉద్ధృతమైన వాయుప్రవాహములు ఏర్పడును. జపానులోని టాటెనో వేధశాలయందు ఓయిషి వసాబురో బెలూనుల నెగురవేసి ఈ ప్రవాహమును కనిపెట్టి, 1926లో ఎస్పెరాంటో భాషలో ప్రకటించెను. ఆ భాష నెఱిగినవారు కొలదిమందియే యగుటచే అది చాలకాలము లోకమున కెక్కలేదు. జెట్ విమానములు సంచరించునది ఇంచుమించు ఆ యెత్తుననే.

గంటకు 850 కిలోమీటర్ల వేగము గల విమానమునకు, గంటకు 100 కిలోమీటర్ల గాలి పోవునపుడు వెనుక నుండియు, వచ్చునపుడు ఎదురుగను వీచినదనుకొందము. పోవుటకు 3 గంటల 32 నిమిషములు, వచ్చుటకు 4 గంటల 29 నిమిషములు, వెరసి 8 గంటల 1 నిమిషము పట్టును. గాలియే లేనిచో మొత్తము 7 గంటల 54 నిమిషములు చాలును. ఒకవైపు చేసిన మేలు రెండవవైపు కీడుతో చెల్లునని తోచును గాని, ఎదురుగాలిలో విమానము మందముగా పోవుటచే, దాని బారిన ఎక్కువసేపు పడియుండును. అందుచే నష్టమే మిగులును.

టికెట్టుపై నున్న కాలము ఇంతకన్న అధికముగ నుండుటకు హేతువు, విమానము నిలిచినచోటు నుండి కదలినది మొదలు గమ్యమున నిలుచువఱకు గల కాలమంతయు, నేలపై సాగు నడకయు, ఆరోహణావరోహణములలోని మందగమనమును అందు చేరుటయే. ఇక ఇంధనమును నింపుటకు పటముపైని కిలోమీటర్లు చాలవు. నాటి గాలుల సూచనను బట్టి గాలిలో గడుపవలసిన నిమిషములనే లెక్కింపవలెను. ఒకే దారికి రానుపోను వేఱ్వేఱు ఇంధనపు లెక్కలుండుట అందువలననే.