మంచు ఏదీ, మామయ్యా?

"డిసెంబరులో మా సునాబెడకు రండి, మంచు బాగా పడుతుంది" అని కింది ఊళ్ల చుట్టాలను పిలిచేటప్పుడు కొంచెం జాగ్రత్త సుమా! మనం చెప్పేది పొగమంచు. వారు తలచుకొనేది సినిమా మంచు. తెలుగులో రెంటికీ మాట ఒకటే కావడంతో వచ్చిన చిక్కు ఇది.

1961లో వచ్చిన ‘జంగ్లీ’ చిత్రంలో షమ్మీ కపూర్ కాశ్మీరు మంచులో కేకలు వేస్తూ జారినది మొదలు, కొండ అంటే తెల్లగా ఉండాలని మనవారికి నాటుకుపోయింది. చింతపల్లి దగ్గరి లంబసింగికి ‘ఆంధ్రా కాశ్మీరు’ అన్న బిరుదు ఆ మోజు వల్లనే కాబోలు.

విదేశాలలోనూ ఇదే వరుస. స్విట్జర్లండులో షిల్ట్‌హార్న్ శిఖరం మీది భోజనశాలను 1969 నాటి జేమ్స్ బాండ్ చిత్రంలో ప్రతినాయకుని స్థావరంగా చూపారు. కథలోని ‘పీజ్ గ్లోరియా’ అన్న పేరే దానికి స్థిరపడింది. అందులో కథానాయకుడు స్కీ పలకలపై ఎంత సునాయాసంగా దూసుకుపోతాడో! విల్లీ బోగ్నర్ అనే జర్మన్ స్కీ క్రీడాకారుడు కెమెరా చేతబట్టి, వెనుకకు జారుతూ ఆ దృశ్యాలను తీశాడన్న సంగతి మాత్రం తెరపై కనిపించదు. గుల్‌మార్గ్‌లో యాత్రికులను చక్రాలు లేని చెక్కబండిపై కూర్చోబెట్టి మంచులో లాగే కాశ్మీరీలూ పాటలలో కనిపించరు.

ఆ చూపుతోనే మన దేవ్‌మాలికీ వస్తున్నారు. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటె ఎత్తైన శిఖరం. మబ్బులను ఫోటో తీసుకొని, సీసాలు అక్కడే పారవేసి దిగిపోతారు. దారిలో చోడిచేలూ, కోందు, పరజా పల్లెలూ చూశారా అంటే తెల్లమొగం వేస్తారు.

మొన్న శీతాకాలంలో మా మేనల్లుడు వచ్చి, "మంచు ఏదీ, మామయ్యా?" అన్నాడు. మరునాడు తెల్లవారుజామున లేపి గుమ్మంలో నిలబెట్టాను. ఎదురింటి గేటు కనిపించడం లేదు.