ములాఖత్ లేని చుట్టరికం

విచారణ లేకుండా జైల్లో పెట్టిన మనిషి మీద కేసు ఉండదు. కేసే లేనప్పుడు ఛార్జిషీటు లేదు, వాయిదాలు లేవు, తీర్పు లేదు. శిక్ష పడిన ఖైదీకి ఎప్పుడు బయటపడతాడో తెలుసు. డిటెన్యూకు అదీ తెలియదు. మోపిన నేరమంటూ లేదు కాబట్టి నిర్దోషి అనిపించుకునే దారి కూడా మూసుకుపోయినట్టే. 1975 జూన్ 25 రాత్రి మొదలై 1977 మార్చి 21న ముగిసిన ఎమర్జెన్సీలో దేశంలోని వేల ఇళ్లు ఈ స్థితిని చూశాయి. ఖమ్మం పట్టణం నుంచి ఇల్లందు, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా గోదావరి దాటి భద్రాచలం, చర్ల అడవుల దాకా పరుచుకున్న నేల దాన్ని మరీ దగ్గరగా చూసింది. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ఈ జిల్లా నాయకుడే. ఢిల్లీలో హోంమంత్రి కుర్చీలో ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డీ తెలుగువాడే.

ఆ రోజుల్లో డిటెన్యూల భార్యాబిడ్డలు పడిన కష్టం కొంతవరకైనా రికార్డుకెక్కింది. ఇంటి స్నేహితుల సంగతి అంతగా ఎక్కలేదు. ఈ ప్రాంతపు ఇళ్లలో నాన్న స్నేహితుడు పిల్లలకు బాబాయో, మామయ్యో. పెళ్లి సంబంధం కుదర్చడం దగ్గర్నుంచి పొలం తగాదా తీర్చడం వరకు ఆయన మాట చెల్లుతుంది. జైలు గేటు దగ్గర మాత్రం ఆ చుట్టరికం చెల్లదు. డిటెన్యూతో ములాఖత్ సాధారణంగా దగ్గరి రక్తసంబంధీకులకే ఇచ్చేవారు. ఉత్తరాలు సెన్సారయ్యేవి.

చట్టం స్నేహితుడికి వదిలిన తలుపు ఒక్కటే, హెబియస్ కార్పస్. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెచ్చి, ఏ అధికారంతో పట్టుకున్నారో చెప్పమని అడిగే పిటిషన్ అది. దాన్ని ఖైదీయే వేయనక్కర్లేదు. భార్య వేయవచ్చు, తండ్రి వేయవచ్చు, ఏ బంధుత్వమూ లేని స్నేహితుడూ వేయవచ్చు. ఈ నేల మీద విచారణ లేని ఖైదు చరిత్ర అంతా ఒక రకంగా ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది అన్న చరిత్రే.

గోల్కొండ నుంచి నిజామాబాదు దాకా

తలుపే లేని కాలం నుంచి ఈ ప్రాంతానికి ఖైదు జ్ఞాపకం ఉంది. ఖమ్మం దగ్గరి నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ తహసీల్దారుగా పనిచేసి, శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా గోల్కొండ కోటలో బంధించాడు. 1672 నుంచి 1687 వరకు ఏలిన ఆ సుల్తాను కొలువులో అక్కన్న, మాదన్నలే చక్రం తిప్పేవారు. వాళ్లు గోపన్నకు మేనమామలని చెబుతారు. అయినా 12 ఏళ్లు జైలు తప్పలేదన్నది సంప్రదాయం. రాజు మాటే అభియోగం, రాజు మాటే తీర్పు.

నిజాం పాలన చివరి ఏళ్లకు వచ్చేసరికి కాగితాలు, ఫర్మానాలు పెరిగాయి గానీ రాజు మాట పైచేయిలో మార్పు రాలేదు. అనుమతి లేకుండా రాజకీయ సభ పెట్టకూడదని 1929లో తెచ్చిన గస్తీ నిషాన్ 53 దానికి మచ్చు. అప్పటికి ఖమ్మం వరంగల్ జిల్లాలో భాగం. గోదావరికి అవతలి భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉండేది, ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. నది ఒడ్డున నిలబడితే ఇటు ఒక ప్రభుత్వం, అటు మరో ప్రభుత్వం.

ఖమ్మంలో హైస్కూలు చదువు చదివిన కవి దాశరథి కృష్ణమాచార్య నిజాం వ్యతిరేక పోరాటంలో దొరికిపోయి, ముందు వరంగల్ జైల్లోను, తర్వాత నిజామాబాదు ఖిల్లా జైల్లోను ఉన్నాడు. అక్కడ తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. కాగితం, కలం దొరకని చోట దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాయడం, ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేయడం తెలుగు సాహిత్యంలో బాగా తెలిసిన సంగతే. దాశరథి ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చాడు. ఆళ్వారుస్వామి తాను జైల్లో చూసిన మనుషుల మీద ‘జైలు లోపల’ కథలు రాశాడు. ఖైదీని గుర్తుపెట్టుకునే పనిని స్నేహితుడు ఎంత అక్షరాలా చేయగలడో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగులో లేదు.

1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది, నిర్బంధం పోలేదు. కమ్యూనిస్టుల తెలంగాణ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. ఇల్లందు, పాల్వంచ అడవుల్లోని కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని ఒక్కచోట చేర్చి కాపలా పెట్టారు. పదివేల మందికి పైగా కార్యకర్తలు మూడు నాలుగేళ్లు నిర్బంధ శిబిరాల్లో, జైళ్లలో మగ్గారని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో రాశాడు. అది ఉద్యమ నాయకుడి లెక్క. ప్రభుత్వం వైపు నుంచి దానికి సరితూగే వివరమైన లెక్క బయటికి రాలేదు కాబట్టి చరిత్రకారులు ఎక్కువగా దాన్నే వాడుతున్నారు.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెలకే, 1950 ఫిబ్రవరిలో, పార్లమెంటు ముందస్తు నిర్బంధ చట్టం చేసింది. తాత్కాలికం అన్న ఆ చట్టం 1969 చివరి దాకా బతికింది. 1971లో ఆంతరంగిక భద్రతా పరిరక్షణ చట్టం, మీసా, వచ్చింది. అదే ఏడాది దిగంబర కవులు జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను రాష్ట్రపు ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం కింద పట్టుకుంటే హైకోర్టు విడిచిపెట్టింది. తలుపు ఇంకా తెరిచే ఉంది.

16-ఏ అనే సెక్షన్

ఎమర్జెన్సీ ప్రకటించిన నాలుగో రోజుకే, 1975 జూన్ 29న, ఆర్డినెన్సుతో మీసాలో 16-ఏ సెక్షన్ చేర్చారు. అంతకుముందు కలెక్టరో, పోలీసు కమిషనరో సంతకం చేసిన ఉత్తర్వుతో పట్టుకెళ్లినా, ఎందుకు పట్టుకున్నారో రాతపూర్వకంగా చెప్పాలి, సలహా మండలి ముందు పెట్టాలి. కొత్త సెక్షన్‌తో ఆ రెండూ ఎగిరిపోయాయి. ఎమర్జెన్సీని సమర్థంగా ఎదుర్కోవడానికి ఈ నిర్బంధం అవసరం అని ఒక్క వాక్యం ప్రకటిస్తే చాలు. పట్టించిన ప్రభుత్వమే 15 రోజుల్లో ఆ ప్రకటనను సమీక్షించుకుంటుంది, ఆ తర్వాత నాలుగు నెలలకోసారి మళ్లీ చూసుకుంటుంది. కారణాలు రాజ్య రహస్యాలు, కోర్టుకు కూడా చెప్పనక్కర్లేదు. సహజ చట్టం పేరుతో కూడా డిటెన్యూకు వ్యక్తి స్వేచ్ఛ హక్కు ఉండదని 18వ సెక్షన్‌లో రాసేశారు. ఒక చట్టం అంత పచ్చిగా మాట్లాడటం అరుదు.

దీని అర్థం ఇంటి గడప దగ్గర ఇలా ఉండేది. గోదావరికి అవతల చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్ల నుంచి వరంగల్ సెంట్రల్ జైలుకు రావాలంటే బస్సులో భద్రాచలం, 1965లో కట్టిన వంతెన దాటి కొత్తగూడెం, అక్కడి భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి డోర్నకల్ దాకా రైలు, అక్కడ మారి వరంగల్. ఇంత ప్రయాణం చేసి వచ్చినా జైలు కార్యాలయంలో అడగడానికి ఒక ప్రశ్నా మిగలదు. కేసు నంబరు లేదు, వాయిదా తేదీ లేదు. వకీలుకు చూపించడానికి చేతిలో ఉన్నది ఆ ఒక్క వాక్యపు కాగితమే.

ఆనాడు ఆంధ్రప్రదేశ్‌లో మీసా కింద నిర్బంధించినవాళ్లు వెయ్యికి పైచిలుకు, దేశం మొత్తం మీద 34,988 మంది అని ఎమర్జెన్సీ అత్యాచారాలపై తర్వాత విచారణ జరిపిన షా కమిషన్ లెక్క తేల్చింది. నిషేధానికి గురైన 26 సంస్థల్లో ఆర్‌ఎస్‌ఎస్ ఉంది, జమాతే ఇస్లామీ ఉంది, నక్సలైటు పార్టీలున్నాయి. ఒకే బ్యారక్‌లో వీళ్లంతా కలిశారు. విప్లవ రచయితల సంఘం (విరసం) నుంచి వరవరరావు, కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు డిటెన్యూలయ్యారు. ఖమ్మంలో మాత్రం కమ్యూనిస్టుల మధ్య చీలిక కనిపించింది. సీపీఐ ఎమర్జెన్సీని సమర్థించింది, సీపీఎం వ్యతిరేకించింది. సాయుధ పోరాటంలో ఒకే దళంలో నడిచినవాళ్లు ఇప్పుడు చెరో వైపు నిలబడ్డారు. ఎమర్జెన్సీని సమర్థించడం పొరపాటని సీపీఐ 1978 భటిండా మహాసభలో ఒప్పుకుంది.

కోర్టులు మొదట లొంగలేదు. దేశంలో పలు హైకోర్టులు డిటెన్యూల పిటిషన్లు వినడానికే మొగ్గాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఏడీఎం జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం హెబియస్ కార్పస్ వేసే హక్కు ఎవరికీ లేదని 4–1 తేడాతో చెప్పింది. కాదన్న ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఒక పోలీసు పగతో మనిషిని చంపినా దారి లేదా అని ఆయన వాదనల్లో అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతవరకు లేదని అటార్నీ జనరల్ నీరేన్ డే జవాబిచ్చాడు. ప్రధాన న్యాయమూర్తి పదవి ఖన్నాను దాటిపోయింది. ఆయన రాజీనామా చేశారు. హైకోర్టు జడ్జీలు 16 మందిని బదిలీ చేశారు. మన ఓ. చిన్నపరెడ్డి పంజాబ్–హర్యానాకు వెళ్లారు, గుజరాత్ నుంచి సంకల్‌చంద్ సేఠ్ హైదరాబాదుకు వచ్చారు. ఆ బదిలీ చెల్లదని సేఠ్ వేసిన కేసు తర్వాత న్యాయశాస్త్ర పుస్తకాలకెక్కింది.

జైలు దాకా చేరనివాళ్లు

ఖన్నా ప్రశ్న ఢిల్లీలో ఊహాప్రశ్న. తెలుగు అడవుల్లో కాదు. పట్టణంలో అరెస్టయితే మీసా, అడవి వైపు దొరికితే ఎదురుకాల్పులు అన్నది ఆనాటి ఉద్యమకారులకు తెలిసిన తేడా. 1975 జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో వరంగల్ ఆర్‌ఈసీ విద్యార్థి సూరపనేని జనార్దన్‌తో సహా నలుగురు యువకులు చనిపోయారు. గోదావరి లోయ ఉద్యమంలో పనిచేసిన నీలం రామచంద్రయ్య, విద్యార్థి నాయకుడు జంపాల చంద్రశేఖరప్రసాద్ ఆ నవంబరులో చనిపోయారు. పోలీసులు వీటిని ఎదురుకాల్పులన్నారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ పూనికతో ఏర్పడిన తార్కుండే కమిటీ, పట్టుకుని చంపారని చెప్పింది. కమిటీ తరఫున ఊరూరా సాక్ష్యాలు వెతికిన వకీలు కె.జి. కన్నబిరాన్. తర్వాత వేసిన భార్గవ కమిషన్ విచారణను రాష్ట్ర ప్రభుత్వం తలుపులు మూసి జరపాలనడంతో అది తేలకుండానే ఆగిపోయింది. డిటెన్యూ కుటుంబానికి కనీసం ఒక జైలు చిరునామా ఉండేది. వీళ్లకు అదీ దక్కలేదు.

కేరళలో ఇదే కాలంలో పోలీసులు పట్టుకెళ్లిన ఇంజనీరింగు విద్యార్థి రాజన్ కోసం తండ్రి ఈచర వారియర్, ఎమర్జెన్సీ ఎత్తేసిన వారంలోనే హెబియస్ కార్పస్ వేశాడు. ముఖ్యమంత్రి కరుణాకరన్ పదవి పోయింది. కొడుకు శవం కూడా దొరకలేదు. తలుపు తెరుచుకోవడంలో ఏడాది ఆలస్యం ఏం చేయగలదో ఆ కేసు చూపింది.

స్నేహమే నేరమైనప్పుడు

స్నేహితుడి కోసం జైలుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన నెల్లూరు కవి పఠాభి భార్య, నటి స్నేహలతా రెడ్డి సోషలిస్టు నేత జార్జి ఫెర్నాండెజ్‌కు కుటుంబ స్నేహితురాలు. పఠాభి దర్శకత్వంలో వచ్చిన కన్నడ చిత్రం ‘సంస్కార’లో కథానాయిక ఆమే. అజ్ఞాతంలో ఉన్న జార్జి ఆచూకీ కోసం 1976 మే 2న ఆమెను అరెస్టు చేశారు. జార్జి మీద పెట్టిన బరోడా డైనమైట్ కేసులో చివరికి వేసిన ఛార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా మీసా కింద బెంగళూరు సెంట్రల్ జైల్లో ఎనిమిది నెలలు ఉంచారు. ఆమెకు తీవ్రమైన ఉబ్బసం. రాత్రి నిశ్శబ్దంలో ఆమె కేకలు తన గది దాకా వినిపించేవని అదే జైల్లో ఉన్న మధు దండావతే తర్వాత రాశాడు. ఆమె సొంతంగా రాసుకున్న జైలు డైరీ 1977లో అచ్చయింది. ఆరోగ్యం పూర్తిగా చెడ్డాక జనవరి 15న పెరోల్ మీద వదిలారు. ఇందిరాగాంధీ ఎన్నికలు ప్రకటించింది 18న. స్నేహలత 20న చనిపోయింది.

ఆ ఎన్నికల్లో ఉత్తర భారతం కాంగ్రెస్‌ను ఊడ్చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి, నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. ఖమ్మంలో ముఖ్యమంత్రి తమ్ముడు జలగం కొండలరావు గెలిచాడు. అందుకే ఇక్కడ డిటెన్యూల జ్ఞాపకం విజయగాథగా మారలేదు. ఇళ్లలోనే ఉండిపోయింది. గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లో మీసా ఖైదీలకు 2008లో పింఛను మొదలైంది, ప్రభుత్వం మారాక ఆగింది, 2024లో మళ్లీ వచ్చింది. అదే ఏడాది కేంద్రం జూన్ 25ను సంవిధాన్ హత్యా దివస్‌గా ప్రకటించింది. జైళ్లు కూడా మిగల్లేదు. ముషీరాబాద్ జైలు స్థలంలో గాంధీ ఆస్పత్రి ఉంది. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆస్పత్రి కోసం పడగొట్టారు. బెంగళూరు జైలు ఫ్రీడం పార్కయింది.

చట్టంలో మాత్రం రెండు రకాల మార్పులూ నిలిచి ఉన్నాయి. 1978 నాటి 44వ సవరణ తర్వాత ఎమర్జెన్సీలో కూడా ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణనిచ్చే 21వ అధికరణాన్ని ఆపడం కుదరదు. జబల్‌పూర్ తీర్పును సుప్రీంకోర్టు 2017లో, గోప్యత హక్కు కేసులో, కొట్టేసింది. ఇంకోవైపు 1986 నాటి పీడీ చట్టం తెలంగాణలో ఇప్పటికీ అమల్లో ఉంది. దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో రాష్ట్ర పోలీసులను గట్టిగా మందలించి, ఒక నిర్బంధ ఉత్తర్వును రద్దు చేసింది. ఆ కేసు వేసింది ఖైదీ భార్య. హైకోర్టులో 226వ అధికరణం కింద అలాంటి పిటిషన్ స్నేహితుడూ వేయవచ్చు. బంధుత్వం రుజువు చేయనక్కర్లేదు.