కంచుకోటలో ప్రచారం ఎందుకు పారదు?

శుక్రవారం భోజనాలయ్యాక మన గదుల్లో మాట ఊరి రాజకీయాల మీదికి మళ్ళుతుంది. "ఈసారి వాళ్ళ కోట బద్దలే" అని ఎవరో ఒకరు అంటారు. అదెందుకంత తేలిక కాదో ఇవాళ చూద్దాం.

కుప్పంలో చంద్రబాబు నాయుడుగారు 1989 నుంచి ఓడలేదు. 2021 నవంబరులో అక్కడి మునిసిపాలిటీలో 25 వార్డులకు 19 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. "వై నాట్ 175" అంటూ శాసనసభ స్థానం మీదా గురిపెట్టింది. 2024 ఫిబ్రవరిలో కుప్పం కాలువకు నీళ్ళూ వదిలింది. తీరా 2024 ఎన్నికల్లో చంద్రబాబుగారి ఆధిక్యం 30,722 నుంచి 48,006కు పెరిగింది.

పులివెందులదీ అదే తీరు. 2024లో రాష్ట్రం మొత్తం మీద 11 స్థానాలే దక్కినా, జగన్మోహన్ రెడ్డిగారు అక్కడ 61,687 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక మాత్రం తెలుగుదేశం గెలిచింది. ఈ రెండు స్థానిక ఎన్నికల్లోనూ గెలిచింది అప్పటి అధికార పక్షమే. రెండుసార్లూ ఓడినవారు అక్రమాలు జరిగాయనే అన్నారు. అందుకని స్థానిక ఫలితం చూసి కోట కూలిందనుకోకూడదు.

కారణాలేమిటి? ముఖ్యమంత్రి అయిన, కాగలిగిన నాయకుణ్ణి ఊరు తనవాడిగా చూసుకుంటుంది. బయటివాళ్ళు ఆయన్ని తిడితే తమని తిట్టినట్టే ఉంటుంది. పైగా ఎదుటి పార్టీకి ఊళ్ళో జెండా పట్టేవాడే కరువు. పింఛనుకీ, పొలం తగాదాకీ ఏళ్ళ తరబడి ఒక్క గడపే తొక్కినవాళ్ళు కొత్త గడప తొక్కడానికి జంకుతారు.

ఇంకొకటి. మన ఓటు రహస్యమే. కానీ లెక్కింపు బూత్‌లవారీగా జరుగుతుంది. ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో అందరికీ తెలుస్తుంది. అవతలి పార్టీకి పది ఓట్లే పడితే ఆ పదీ ఎవరివోనని ఊరంతా ఆరా తీస్తుంది. సభలూ పాటలూ ఆ భయాన్ని తీర్చలేవు. ఎన్నికలు లేని నాలుగేళ్ళూ వెంట నిలబడే మనిషి కావాలి.

2011 నుంచి ప్రవాస భారతీయులు కూడా ఓటరుగా నమోదు కావచ్చు. అయితే స్వయంగా వెళ్ళే వెయ్యాలి. అందుకే మన ప్రచారమంతా ఫోన్లోనే. "ఏజెంటుగా కూర్చోరా" అని తమ్ముడికి చెప్పేముందు ఒక్క నిమిషం ఆగండి. మనం దోహాలో ఉంటాం. పోలింగు మర్నాడు ఆ వీధిలో నడవాల్సింది వాడే.

మళ్ళీ కలుద్దాం, సెలవు.