రెండో తాళం ఎక్కడుంది?

కారు పోయినవాళ్ల ఇంటికి పోలీసుల తర్వాత వెళ్లే మనిషిని నేను. బీమా కంపెనీల తరఫున దొంగతనం క్లెయిములు విచారించడం నా వృత్తి. విజయవాడలో ఉంటూ అటు ఏలూరు, ఇటు గుంటూరు, పైన నందిగామ, జగ్గయ్యపేట దాకా తిరుగుతుంటాను. ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాక నేను అడిగే మొదటి మాట, "రెండు తాళాలూ ఒకసారి చూపిస్తారా?" చాలామంది ముఖం మాడ్చుకుంటారు. తమనే దొంగల్లా చూస్తున్నానని బాధపడతారు. నిజానికి కంపెనీ ఏ దొంగతనం క్లెయిములోనైనా కొన్నప్పుడు ఇచ్చిన రెండు తాళాలూ అడుగుతుంది. ఒకటి కనపడకపోతే న్యాయమైన క్లెయిము కూడా నెలల తరబడి ఆగిపోతుంది. కష్టపడి కొనుక్కున్న కారు పోగొట్టుకున్నవాళ్లు కాగితాల దగ్గర కూడా ఓడిపోతుంటే చూడలేక ఇదంతా రాస్తున్నాను.

గొల్లపూడిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారి కేసు చెబుతాను. అపార్ట్‌మెంట్ సెల్లారులో చోటు లేక తెల్ల స్విఫ్ట్‌ని గేటు బయట రోడ్డు వార పెట్టారు. పొద్దున పాలప్యాకెట్ల కోసం కిందికి దిగితే కారు లేదు. ఆయన కంగారు పడలేదు. ట్రాఫిక్ పోలీసులు గానీ, లోన్ ఇచ్చిన బ్యాంకు మనుషులు గానీ తీసుకెళ్లారేమోనని రెండు ఫోన్లు చేసి కనుక్కున్నారు. కాదని తేలగానే 112కి చెప్పారు. ఈలోగా వాళ్లావిడ ఫోనులో మెసేజులు చూశారు. రాత్రి మూడు దాటాక కీసర టోల్‌గేటు దగ్గర, ఆ తర్వాత చిల్లకల్లు దగ్గర ఫాస్టాగ్ నుంచి డబ్బు తీసుకున్నట్టు ఉంది. అంటే బండి హైదరాబాద్ దారి పట్టింది. ఆ రెండు మెసేజులూ పట్టుకుని ఆయన స్టేషనుకెళ్లారు.

ఫాస్టాగ్ సంగతి చాలామందికి తట్టదు. తట్టినవాళ్లు కూడా ముందు దాన్ని బ్లాక్ చేయించేస్తారు. బండి ఎటు పోతోందో చెప్పే ఆధారం దాంతోనే పోతుంది. మీ ఫోనుకు వచ్చిన మెసేజు ముందు పోలీసులకు చూపించండి, వాళ్లు చెప్పాక ఆపించండి. తెలివైన దొంగ స్టిక్కరు పీకి పారేస్తాడు, నిజమే. అందరూ అంత తెలివైనవాళ్లు కారు.

ఇక ఎఫ్ఐఆర్. కారు ఎక్కడ పోయినా, "ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపే వీల్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకుని సరైన స్టేషనుకు పంపాలి. ఈమెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా ఫిర్యాదు పంపొచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా పని జరగకపోతే మెజిస్ట్రేటు దగ్గరకు వెళ్లొచ్చు. విచారణ ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలియజేయాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఈ మాట గుర్తుపెట్టుకుని స్టేషనులో మర్యాదగా అడగండి.

ఫిర్యాదులో రిజిస్ట్రేషను నంబరు ఒక్కటీ రాస్తే చాలదు. దొంగ మొదట మార్చేది నంబరు ప్లేటే. పైగా మన రాష్ట్రంలో 2019లో కొత్త బళ్లకు రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ మొదలైంది, ప్లేటు చూసి ఏ జిల్లాదో చెప్పే రోజులు పోయాయి. చాసిస్ నంబరు, ఇంజను నంబరు రాయండి. ఎడమ తలుపు కింద సొట్ట, వెనక అద్దం మీద స్కూలు స్టిక్కరు, మీటరు మీద కిలోమీటర్లు, చివరిసారి ఎవరు ఎన్ని గంటలకు చూశారు, ఇవన్నీ రాయండి. చుట్టుపక్కల ఇళ్ల కెమెరాల రికార్డింగు ఆ రోజే అడగాలి. హార్డ్ డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది. వందమందికి పైగా జనం చేరే మాల్స్, ఫంక్షన్ హాళ్ల లాంటి చోట్ల మాత్రం 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం 30 రోజుల రికార్డింగు ఉంచాలి.

ఒక్క మాట మర్చిపోకుండా చెప్పాలి. కారులో ఇంటి తాళాలు గానీ, ఇంటి అడ్రసు ఉన్న కాగితాలు గానీ ఉంటే ఆ సాయంత్రంలోగా ఇంటి తాళం మార్పించండి.

బీమా కంపెనీకి కూడా అదే రోజు చెప్పండి, ఫోను చేసి ఊరుకోక ఈమెయిలు పంపండి. ఆలస్యమైందని క్లెయిము తిరస్కరించిన కేసులు కోర్టుల్లో ఎన్నో నడిచాయి. ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి, పోలీసులు బండి దొరకలేదని తేల్చిన తర్వాత, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిము కాదనకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. అందుకే ఎఫ్ఐఆర్ విషయంలో మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం వద్దంటాను. ఆర్టీవో ఆఫీసుకూ ఒక ఉత్తరం ఇవ్వండి, మీ బండి పేరు మారకుండా ఆపుతారు.

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే దొంగతనానికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా మీరు కొన్న ధర రాదు, పాలసీ మీద రాసిన బండి బీమా విలువ, అంటే ఐడీవీయే వస్తుంది. తయారీ కంపెనీ పెట్టిన ధర 8 లక్షలున్న కారుకు మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపు వయసుంటే 40 శాతం తరుగు పోను 4,80,000. అందులోంచి లోను బాకీ ముందు బ్యాంకుకు వెళ్తుంది. క్లెయిము తేలేదాకా కిస్తీలు ఆగవు. ఇది తెలియక కిస్తీలు మానేసి సిబిల్ స్కోరు పాడుచేసుకున్న కుటుంబాలను చూశాను, చాలా బాధేస్తుంది. కొత్త కారైతే కొన్న ధర మొత్తం ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవరు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

హెడ్మాస్టరుగారి ఇంట్లో నేను తాళాలు అడిగినప్పుడు ఆయన కాసేపు ఆలోచించారు.

"రెండోది మా అబ్బాయి దగ్గర బెంగళూరులో ఉంది బాబూ. పండక్కి వచ్చినప్పుడు తీసుకెళ్లాడు."

"మంచిది మాస్టారూ. కొరియరులో తెప్పించండి, పంపిన రశీదు జాగ్రత్త చేయండి. నేనూ అదే రాసుకుంటాను."

"ఇంట్లోనే ఉందని చెప్పమన్నారు, తెలిసినాయన ఒకరు. అట్లా అయితే తొందరగా అవుతుందట."

అలాంటి సలహాలే క్లెయిములను ముంచేస్తున్నాయి. తాళం బండికే వదిలేసి టీ తాగడానికి దిగారా, అదే రాయండి. అది అజాగ్రత్తే, కానీ దాచిపెడితే అబద్ధం అవుతుంది. డ్రైవరు తాళం లారీకే వదిలి దిగినప్పుడు బండి పోయిన కేసులో 2023లో సుప్రీంకోర్టు క్లెయిములో 75 శాతం ఇప్పించింది. ఉన్నది చెప్పినవాడికి ఎంతోకొంత దక్కుతుంది. కట్టుకథ కెమెరా రికార్డింగుతో గానీ, తాళంలోని చిప్పుతో గానీ తేలిపోతే మొత్తం పోతుంది. మాస్టారు ఉన్నదున్నట్టు చెప్పారు, తాళం బెంగళూరు నుంచి వచ్చింది, పోలీసులు బండి దొరకలేదని కోర్టుకు తుది నివేదిక ఇచ్చారు, ఆ కాపీతో క్లెయిము పూర్తయింది.

హోటళ్లలో, ఫంక్షన్ హాళ్లలో కారు పార్కు చేసే వాలే కుర్రాడికి తాళం ఇస్తాం. ఇచ్చిన చీటీ మీద "యజమాని బాధ్యతే" అని ఉంటుంది. ఆ చీటీ చూపించి తప్పించుకోవడం కుదరదు. 1998లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్ దగ్గర వాలేకి ఇచ్చిన మారుతి జెన్ పోయిన కేసులో, 2019లో సుప్రీంకోర్టు హోటలుదే బాధ్యత అని తేల్చింది. తాళం చేతికి తీసుకున్నవాడు నిర్లక్ష్యం చేస్తే చీటీ కాపాడదు. కాబట్టి ఆ చీటీ పారేయకండి.

బండి దొరికితే ఆనందమే, కానీ అది కేసు ఆస్తిగా స్టేషను ఆవరణలో ఎండకు ఎండి వానకు తడుస్తుంది. 2002లో గుజరాత్ నుంచి వెళ్లిన సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు వాహనాలను అలా ఎక్కువకాలం ఉంచవద్దని, ఫొటోలు తీసుకుని పూచీకత్తు మీద యజమానికి అప్పగించాలని చెప్పింది. వకీలు ద్వారా మెజిస్ట్రేటు దగ్గర పిటిషను వేయండి. బండి ఇంటికొచ్చాక సర్వీసు సెంటరులో పాత తాళాల కోడ్లు తీసేయించి కొత్తవి నమోదు చేయించాలి. లేదంటే దొంగ చేయించుకున్న తాళం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

ఈ దొంగ తాళం ఎలా తయారవుతుందో తెలిస్తే దాన్ని ఆపడమూ తెలుస్తుంది. మన తాళంలో చిన్న చిప్పు ఉంటుంది, దాని కోడ్ సరిపోతేనే ఇంజను కంప్యూటరు స్టార్టు కానిస్తుంది. మంచి ఏర్పాటే. అయితే స్టీరింగు కింద మెకానిక్కులు స్కానరు తగిలించే ఓబీడీ పోర్టు ఉంటుంది, కొత్త తాళం నమోదు చేసేదీ చాలా కార్లలో దాని ద్వారానే. దొంగ వెనక చిన్న అద్దం పగలగొట్టి లోపలికి దూరి, తన పరికరం ఆ పోర్టుకు పెట్టి, తెచ్చుకున్న ఖాళీ తాళాన్ని మీ కారుకు పరిచయం చేస్తాడు. ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్లకు ఇంకో దారి ఉంది. గుమ్మం పక్క కొక్కేనికి మీరు తగిలించిన తాళం సిగ్నలును ఒకడు గోడ బయట నుంచి పట్టి, కారు దగ్గరున్న రెండోవాడికి అందిస్తాడు. తాళం పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది.

అందుకే నేను ఎలక్ట్రానిక్ హంగుల కంటే ఇనుమునే ఎక్కువ నమ్ముతాను. గేరు లాకు బిగించుకోండి, ఆటోనగర్‌లో అరపూట పని. స్టీరింగుకు అడ్డంగా పెట్టే రాడ్డు కంటికి కనపడుతుంది, కనపడటమే దాని ఉపయోగం. కోయడానికి చప్పుడు, సమయం కావాలి. పక్కనే అలాంటిది లేని కారుంటే దొంగ అటే పోతాడు. ఓబీడీ పోర్టుకు మూత లాకు దొరుకుతుంది. బటన్ తాళాన్ని సిగ్నలు ఆపే సంచిలో పెట్టండి. అది పనిచేస్తోందో లేదో సులభంగా తెలుసుకోవచ్చు: తాళం సంచిలో వేసి, సంచి చేత్తో పట్టుకుని కారు తలుపు లాగండి. తెరుచుకుందంటే ఆ సంచి పనికిరాదు. జీపీఎస్ ట్రాకరు పెట్టిస్తే సొంత బ్యాటరీ ఉన్నది పెట్టించండి, ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకు తప్ప తెలియనివ్వకండి. కారులోని ఫ్యూయల్ పంపుకు రహస్య స్విచ్చు మంచి ఉపాయమే, వారంటీలో ఉన్న కారుకైతే వైర్లు కోసే ముందు కారు కంపెనీని అడగాలి. ఆర్‌సీ కార్డు డ్యాష్‌బోర్డులో వదలకండి. డిజీలాకర్‌లో ఉన్నది చెల్లుతుంది, అసలుది దొంగ చేతికి చిక్కితే బండి అమ్మడం తేలికవుతుంది.

మాస్టారు క్లెయిము డబ్బుతో పాత కారే కొంటానన్నారు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను. కొనేముందు ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో వివరాలు చూడండి, జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వారి వాహన్ సమన్వయ్‌లో దొంగబండి కాదని సరిచూసుకోండి. బానెట్ ఎత్తి చాసిస్ మీద కొట్టిన 17 అక్షరాల నంబరు ఆర్‌సీతో ఒక్కొక్కటే పోల్చండి. ప్రమాదంలో తుక్కయిన బండి నంబరు దొంగబండి మీద కొట్టి అమ్ముతారు, కాబట్టి ఆ చోట రుద్దిన గీతలు గానీ, వెల్డింగు గానీ, చుట్టుపక్కలకు కలవని కొత్త రంగు గానీ కనిపిస్తే బేరం వదిలేయండి. రెండు తాళాలూ చేతికిచ్చి, పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టిన తర్వాతే డబ్బు ఇవ్వండి.