తొలి ప్రోగ్రాము

కంప్యూటరునకు అపారమైన వేగము కలదు. అలసట యనునది లేదు. కాని చెప్పిన పనిని చెప్పినట్లు చేయుటయే దానికి తెలిసిన విద్య. చెప్పదలచినది ఊహించి గ్రహించు నేర్పు దానికి లేదు. దానిచే పని చేయించుటకై వరుసగా వ్రాసిన ఆజ్ఞలకే ప్రోగ్రామని పేరు.

పూర్వము ప్రోగ్రాము వ్రాయుట నిపుణులకు మాత్రమే సాధ్యమై యుండెను. ఆజ్ఞలను అట్టముక్కలపై రంధ్రములుగా పొడిచి, యంత్రశాలలో నొప్పగించి, ఫలితమునకై గంటలకొలది వేచియుండవలసి వచ్చెడిది. ఒక్క గుర్తు తప్పినను పని మరల మొదటికి వచ్చెడిది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను గణితాచార్యులు ఈ కష్టమును తొలగింప బూనిరి. సామాన్య విద్యార్థుల కొరకై వారు ‘బేసిక్’ అను సులభమైన భాషను రూపొందించిరి. 1964వ సంవత్సరము మే 1వ తేదీ తెల్లవారుజామున ఆ భాషలోని తొలి ప్రోగ్రాములు నడచెను. నాటినుండి అచ్చటి విద్యార్థులు తమ తప్పులను అప్పటికప్పుడే తెలిసికొని దిద్దుకొన గలిగిరి.

నేడు క్రొత్తగా నేర్చువారు అభ్యసించు భాషలలో పైథాన్ ముఖ్యమైనది. నెదర్లాండ్స్ దేశీయుడగు గైడో వాన్ రాసమ్ దీనిని 1991లో లోకమునకు అందించెను. ఇది వెల లేకుండ లభించును. సాధారణముగా దీనితో కూడ ‘ఐడిల్’ అను సాధనము వచ్చును. అందులో క్రొత్త ఫైలును తెరచి, ఆజ్ఞలను వ్రాసి, పేరు పెట్టి భద్రపరచి, ‘ఎఫ్5’ మీట నొక్కినచో ప్రోగ్రాము నడచును.

తొలి ఆజ్ఞ ‘ప్రింట్’. ఈ మాటను ఇంగ్లీషు చిన్న అక్షరములతో వ్రాసి, ప్రక్కన కుండలీకరణములలో కొటేషను గుర్తుల నడుమ ‘నమస్కారము’ అని వ్రాసినచో, ఆ తెలుగుమాట తెరపై కనబడును. ‘ప్రింట్’ను పెద్ద అక్షరముతో ప్రారంభించినచో, అట్టి పేరు తనకు తెలియదని యంత్రము చెప్పును, తప్పు ఎన్నవ పంక్తిలో నున్నదో కూడ చూపును. ఆ సందేశమును చూచి బెదరి పని విడువరాదు. అది మందలింపు కాదు. దారి చూపు గుర్తు.

పిదప రెండు సంఖ్యలను కూడు ప్రోగ్రామును వ్రాయవచ్చును. మీటలతో కొట్టినదానిని గ్రహించుటకు ‘ఇన్‌పుట్’ అను ఆజ్ఞ కలదు. విద్యార్థి 12, 30 ఇచ్చి 42 వచ్చునని ఎదురుచూచును. తెరపై 1230 కనబడును! యంత్రమునకు లెక్క రాదా? అట్లు కాదు. ‘ఇన్‌పుట్’ దేనినైనను అక్షరముల వరుసగానే గ్రహించును. అక్షరముల నడుమ నుంచిన కూడిక గుర్తు వానిని ప్రక్కప్రక్కన చేర్చును. గ్రహించిన రెండింటిని ‘ఇంట్’ అను ఆజ్ఞచే పూర్ణసంఖ్యలుగా మార్చి కూడినచో 42 వచ్చును.

ఈ రెండు పొరపాట్లకును గల భేదము గమనింపదగినది. మొదటిదానిని యంత్రమే చూపెను. రెండవదానియందు అది ఏ అభ్యంతరమును చెప్పక తప్పు జవాబు నిచ్చెను. కావున నడచిన ప్రోగ్రామెల్ల సరియైనదని నమ్మరాదు. జవాబు ముందుగా తెలిసిన చిన్న లెక్కలతో దానిని పరీక్షింపవలెను. బ్యాంకులలో సొమ్ము లెక్కించునవియు, రైలు టిక్కెట్ల నిచ్చునవియు ప్రోగ్రాములే. వానిలో తప్పు దొరలినచో నష్టము పలువురికి కలుగును. రెండు సంఖ్యల కూడికను శ్రద్ధతో సరిచూచుకొను అలవాటే రేపు అట్టి పెద్ద పనులు చేయువారికి తోడగును.