రోజా ఉంది, చదువూ ఉంది

హైదరాబాదు పాతబస్తీ చూడండి. చార్మినార్ పక్కనే మక్కా మసీదు ఉంది. రంజాను నెలలో ఎందరో ముస్లిం యువతీయువకులు రోజా ఉంటారు. ఉపవాసంతోనే కాలేజీకి పోతారు. క్రైస్తవ యువత ఆదివారం చర్చికి పోతారు. సోమవారం అందరితో కలిసి చదువుకుంటారు.

ఈ హక్కు ఎక్కడిది? మన రాజ్యాంగం ఇచ్చింది. అది 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. ఎవరికి నచ్చిన మతాన్ని వారు పాటించవచ్చు అని 25వ అధికరణం చెబుతుంది. అయితే శాంతికి, ప్రజల ఆరోగ్యానికి, నీతికి భంగం కలగరాదు. ప్రభుత్వానికి మాత్రం సొంత మతం లేదు. దానికి అన్ని మతాలూ సమానమే. లౌకిక రాజ్యం అంటే ఇదే.

1985లో కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలను బడి నుంచి తీసేశారు. ఎందుకు? జాతీయ గీతం పాడేటప్పుడు వాళ్లు మర్యాదగా నిలబడ్డారు. కానీ పాడలేదు. తమ మతం ఒప్పదన్నారు. తండ్రి కోర్టుకెళ్లాడు. పిల్లలను తిరిగి చేర్చుకోవాలని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో మాట వినండి. ప్రభుత్వ సాయం లేదా గుర్తింపు ఉన్న బడిలో మత ప్రార్థనకు ఎవరినీ బలవంతపెట్టరాదు. చిన్న పిల్లలైతే ఇంటి పెద్దల ఒప్పుదల కావాలి. ఇది 28వ అధికరణం. కాబట్టి భయపడి ఆడపిల్లను బడి మాన్పించకండి. బడికి వెళ్లి అడగండి. అడిగే హక్కు మీకుంది.