మంగళగిరి స్తంభం – కొండవీటి కోట

మంగళగిరి అనగానే పదకొండు అంతస్తుల గాలిగోపురం కన్నుల ముందు నిలుస్తుంది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807–1809 నడుమ ఎత్తించిన ఆ గోపురం ఎత్తు 153 అడుగులు. దానిని చూడడానికి తల పైకెత్తని యాత్రికుడు లేడు. అయితే అంతకు సుమారు మూడు శతాబ్దాలకు ముందే ఆ ఊరిలో నిలిచిన ఒక శాసన స్తంభాన్ని పలకరించేవారు మాత్రం అరుదు. దాని పాఠాన్ని జర్మన్ పండితుడు లూడర్స్ ‘ఎపిగ్రాఫియా ఇండికా’ ఆరవ సంపుటంలో ప్రకటించినాడు. శ్రీకృష్ణదేవరాయల మంత్రి సాళువ తిమ్మరసు కొండవీటి దుర్గాన్ని సాధించిన తిథి ఆ రాతిపై ఉన్నది. శాలివాహన శకం 1437, యువ నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ ఏకాదశి, శనివారం. అనగా 1515 జూన్ 23.

ఆ ఏడాది ఐరోపాలోనూ ఒక యువరాజు సింహాసనం ఎక్కినాడు. అతడు ఫ్రాన్సు దేశపు మొదటి ఫ్రాన్సిస్. నాలుగేండ్లకు, 1519లో, అతడు షాంబోర్ కోటకు పునాది వేయించినాడు. దానికి బురుజులున్నవి, కందకమున్నది, కాని అవన్నీ అలంకారాలే. అది వేటకు వచ్చిన రాజు విడిది. ఒకరికొకరు ఎదురుపడకుండా ఇద్దరు ఎక్కి దిగగల జంట సర్పిల సోపానం దాని ప్రఖ్యాతికి మూలం. కోట ఇట్లా విలాస భవనం కావడానికి ఫిరంగియే కారణం. 1494లో ఎనిమిదవ చార్లెస్ కంచు ఫిరంగులతో ఇటలీపై దండెత్తినప్పుడు, ఎత్తయిన పాత గోడలు గుండ్ల దెబ్బకు నిలువవని తేలిపోయింది. ఆపైన అక్కడి వాస్తువేత్తలు యుద్ధానికి పొట్టివీ దళసరివీ అయిన కోణాల బురుజులు కట్టినారు. ప్రభువులు తమ నివాసాలకు కిటికీలు పెద్దవి చేసుకొన్నారు.

కొండవీటి వాస్తువు వేరు. ఇక్కడ మొదటి గోడ కొండయే. 14వ శతాబ్ది నడుమ అనవోతారెడ్డి అద్దంకి నుండి రాజధానిని ఇక్కడికి మార్చినాడు. శిఖరం నుండి శిఖరానికి, గట్టు వాలును బట్టి వంకలు తిరుగుతూ ప్రాకారాలు సాగినవి. మధ్య మధ్య బురుజులు లేచినవి. పెద్ద పెద్ద నల్లరాతి పలకలతో ద్వారాలు నిలిపినారు. కొలెపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా అన్న పేర్లు నేటికీ వినబడుతున్నవి. శత్రువు పైకి రావలసినది ఇరుకు దారిలో. కావలివాడు నిలిచేది అతని తలపైన. ఇట్టి చోట బరువైన ఫిరంగిని ఎక్కించడమే ఒక యుద్ధం.

గోడలకంటె ముఖ్యమైనది నీరు. ముట్టడిలో కోట పడిపోయేది ఎక్కువగా దాహంతోనే. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని కొండమీద మూడు చెరువులు. వాన నీటిని ఒడిసిపట్టి దండునూ, గుర్రాలనూ, కోటలోని కుటుంబాలనూ పోషించినవి ఇవే. చూడబోయేవారు శిథిల మందిరాల కంటె ముందు ఈ చెరువులను చూడడం మేలు; కోట ఎట్లా బ్రతికిందో అక్కడ తెలుస్తుంది.

ఇట్టి గిరిదుర్గాలను గెలవడం ఎంత కష్టమో ఉదయగిరి చెప్పింది. అక్కడ రాయలు ఏడాదికి పైగా ఆగవలసి వచ్చినది. సేన పైకి చేరడానికి బండలను పగులగొట్టి బాట వేయించినాడని పోర్చుగీసు లేఖకుడు న్యూనిజ్ వ్రాసినాడు. ఉదయగిరి 1514లో లొంగినది. పిమ్మట అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ మున్నగునవి స్వాధీనమైనవి. తుదకు మిగిలినది కొండవీడు.

కోట లోపల గజపతి ప్రతాపరుద్రుని కుమారుడు వీరభద్రుడే ఉన్నాడు. అతనితోపాటు రాచూరి మల్లూఖానుడు, ఉద్దండఖానుడు మొదలగు పాత్రసామంతులు పట్టువడినారని నాటి శాసనాలు పేర్లతో సహా తెలుపుతున్నవి. కొండ దిగువన గోపీనాథాలయం వద్ద ‘కత్తుల బావి’ ఉన్నది. రాయల పక్షంవారు రెడ్డి ప్రభువులను విందుకు పిలిచి వంచనతో ఆ బావిలో కూల్చినారని జనశ్రుతి. వినడానికి రోమాంచకమే గాని, కొండవీటి రెడ్ల ప్రభుత్వం 1424 నాటికే అంతరించినది. 1515లో కోటను ఏలుతున్నది ఒడ్డెవారు. శాసనాల పట్టికను ఈ కథ పక్కన పెట్టి చదివించడం చరిత్రోపాధ్యాయునికి మంచి పాఠం కాగలదు.

తిమ్మరసు తన మేనల్లుడు నాదిండ్ల గోపమంత్రికి కొండవీటి అధికారం ఇచ్చినాడు. గోపన కేవలం దుర్గపాలకుడు కాడు. ‘ప్రబోధచంద్రోదయ’ నాటకానికి ‘చంద్రిక’ అనే వ్యాఖ్య వ్రాసిన విద్వాంసుడు. అతని సోదరుడు అప్పన మాదయగారి మల్లన ‘రాజశేఖర చరిత్రము’నకు కృతిభర్త. ఒక శతాబ్దం ముందు పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న కొండ అది. ఏలికలు మారినా అక్షరానికి అక్కడ చోటు తప్పలేదు.

తరువాతి చరిత్ర త్వరగా నడిచింది. 1579లో కొండవీడు గోలకొండ వశమై, ముర్తజానగరమనే పేరు పొందినది. 1752లో ఫ్రెంచివారికి, 1788లో ఆంగ్లేయులకు దక్కినది. ఇప్పుడది పల్నాడు జిల్లాలో ఉన్నది. కొండపైకి ఘాట్ రోడ్డు కూడా వచ్చినది.

పట్టువడిన వీరభద్రుడు ఏమైనాడు? తక్కువ కులంవానితో కత్తిసాము చేయుమనగా అవమానం సహింపక ప్రాణత్యాగం చేసినాడని న్యూనిజ్ కథనం. అతడు వ్రాసినది రెండు దశాబ్దాల తరువాత, విన్న మాటలను బట్టి. కన్నడ దేశంలోని దావణగెరె ప్రాంతపు 1516 నాటి శాసనం మరొక మాట చెబుతున్నది. అందు వీరభద్రుడు రాయల క్రింద మలెబెన్నూరు సీమకు నాయకుడు. తండ్రియైన ప్రతాపరుద్రునికీ, తనను ఓడించిన కృష్ణరాయలకూ పుణ్యం కలుగవలెనని, ఆ సీమ ప్రజల పెండ్లి పన్నును అతడు మాన్పివేసినాడు.